పొతొచారిలో ఆఖరి నాలుగు రోజులు

(జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్న జహీరాబాద్ ప్రాంత విద్యార్థిని, బోస్నియాలో స్వచ్ఛంద సేవ ముగించుకొని సెలవులకు వచ్చినప్పుడు స్థానిక సభలో చేసిన ప్రసంగ పాఠం.)





కరపత్రంలో నా ప్రసంగాంశం "విదేశీ సేవాయాత్ర అనుభవాలు" అని వేశారు. నా యాత్ర మొత్తం 27 రోజులు సాగింది. అన్నీ చెప్పబోతే ఇషా నమాజు వేళ దాటిపోతుంది. మొదటి 23 రోజుల సంగతి క్లుప్తంగా ముగించి, చివరి నాలుగు రోజుల గురించే మాట్లాడదలచుకొన్నాను. ఆ రోజుల్లో ఒక వృద్ధురాలు నన్ను ఒక చిన్న ప్రశ్న అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు మన ఊళ్లలోనే, మన ఇళ్లలోనే దొరకాలి. అందుకే ఈ సభకు రమ్మని పిలిచినప్పుడు వెంటనే ఒప్పుకొన్నాను.

మేము వెళ్లింది బోస్నియా దేశపు తూర్పు కొండల్లో ఉన్న స్రెబ్రెనిత్సా పట్టణానికి. పదకొండుమంది విద్యార్థులం. అందులో ముస్లిములం ముగ్గురమే. మిగిలినవారు జర్మన్లు, ఇటలీవారు, ఒక పోలండ్ అమ్మాయి. 2025 జూన్ 16న చేరుకొన్నాము. ఉదయం పిల్లలకు ఆంగ్లం చెప్పడం, బొమ్మలు గీయించడం. మధ్యాహ్నం వృద్ధులు ఒంటరిగా ఉంటున్న ఇళ్లలో గడ్డి కోయడం, కంచెలకు రంగు వేయడం. నిజం చెప్పాలంటే ఆ పిల్లలకు మా ఆంగ్లంతో పెద్దగా పని లేదు. వారిలో ఒకరిద్దరు నాకంటే చక్కగా మాట్లాడేవారు. సేవ చేస్తున్నామని మేము అనుకొన్నాము. అతిథులను జాగ్రత్తగా చూసుకొంటున్నామని వారు అనుకొన్నారు. రెండింటిలో వారు అనుకొన్నదే నిజానికి దగ్గర.

పిల్లలతో చేసిన పనిలో నాకు మిగిలిన ఆనందం భాషది. బోస్నియా భాష స్లావిక్ కుటుంబానికి చెందినది, మనకు ఒక్క ముక్క అర్థం కాదు. కాని తుర్కుల ఏలుబడి ఆ భాషలో వందలాది అరబీ, ఫార్సీ, తుర్కీ మాటలను వదిలి వెళ్లింది. పేటను వారు 'మహలా' అంటారు. ఓర్పు 'సబూర్'. అదృష్టం 'కిస్మెత్'. శత్రువు 'దుష్మనిన్'. సమాధి రాయి 'నిషాన్'. శవపేటిక 'తాబూత్'. నేను ఒక్కో మాటకు మన దక్కనీ మాట చెబుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నానమ్మను మాత్రం 'నానా' అంటారు. మన ఇళ్లలో నానా అంటే తాతగారు కదా, ఆ మాట నోట పలకడానికి నాకు వారం రోజులు పట్టింది.

మాకిద్దరికి ఆశ్రయమిచ్చిన నానా వయసు 78 ఏళ్లు. పొతొచారి గ్రామానికి పైన కొండవాలులో ఆమె ఇల్లు. భర్తను, ఇద్దరు కుమారులను 1995 జూలైలో పోగొట్టుకొంది. ఆమెతో ఉండే మనుమరాలు మాకు దుబాసీ.

1995లో ఏమి జరిగిందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. చిన్నవారి కోసం రెండు మాటలు చెబుతాను. యుగొస్లావియా చీలిపోయిన తరువాత బోస్నియాలో 1992 నుంచి యుద్ధం సాగింది. చుట్టుముట్టబడిన స్రెబ్రెనిత్సాను 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించింది. కాపలాకు హాలండ్ సైనికులు వచ్చారు. 1995 జూలై 11న రత్కో మ్లాదిచ్ నాయకత్వంలోని బోస్నియా సెర్బ్ సైన్యం పట్టణాన్ని ఆక్రమించింది. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ప్రాణాలు అరచేత పట్టుకొని పొతొచారిలోని బ్యాటరీల కర్మాగారం దగ్గరికి పరుగెత్తారు. అక్కడ మగవారిని వేరుచేశారు. అడవి దారిన తుజ్లా వైపు నడిచిన వేలాదిమంది పురుషులలో అనేకులు దారిలోనే పట్టుబడ్డారు. కొద్ది రోజుల్లో ఎనిమిది వేలమందికి పైగా పురుషులను, బాలురను చంపివేశారు. అది జాతిసంహారమని హేగ్‌లోని యుగొస్లావియా యుద్ధనేరాల అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2001లోను, అంతర్జాతీయ న్యాయస్థానం 2007లోను తీర్పు చెప్పాయి. మ్లాదిచ్ యావజ్జీవ శిక్ష 2021 జూన్‌లో ఖాయమైంది.

చంపడంతో వారి పని పూర్తి కాలేదు. హత్యల సంగతి బయటపడుతుందన్న భయంతో, అదే సంవత్సరం శరదృతువులో యంత్రాలతో సమాధులను తవ్వి, శవాలను పెకలించి, వేరే వేరే చోట్ల పూడ్చిపెట్టారు. ఇనుప పళ్లకు చిక్కి దేహాలు తెగిపోయాయి. అందువల్ల ఒకే మనిషి ఎముకలు రెండు మూడు సమాధులలో, మైళ్ల దూరంలో దొరికిన సందర్భాలున్నాయి. తుజ్లాలో ఆ ఎముకలను గుర్తించే కేంద్రాన్ని మాకు చూపించారు. బంధువుల రక్తపు చుక్కలతో ఎముకల డీఎన్‌ఏను పోల్చి చూస్తారు. ఆ పద్ధతిలో మొట్టమొదటి గుర్తింపు 2001 నవంబరులో జరిగింది. అప్పటినుంచి దాదాపు ఏడు వేలమందికి పేర్లు తిరిగి వచ్చాయి. వెయ్యిమంది వరకు ఇంకా దొరకలేదు.

అదే ఊళ్లో స్రెబ్రెనిత్సా మహిళల సంఘం గదికి కూడా వెళ్లాము. నేల దగ్గరినుంచి పైకప్పు దాకా గోడలన్నీ మగవారి ఫొటోలు. ఒక మూల దిండు గలీబులు మడిచి పెట్టి ఉన్నాయి. ఒక్కో గలీబు మీద ఒక్కో పేరు దారంతో కుట్టి ఉంది. ప్రతి నెలా 11వ తేదీన వాటిని పట్టుకొని ఆ స్త్రీలు వీధిలో నిలబడతారట. దిండు గలీబే ఎందుకని నేను ఎవరినీ అడగలేదు. చూసిన ఏ స్త్రీకైనా ఆ ప్రశ్న రాదు.

ఇక చివరి రోజులు.

జూలై 9 సాయంత్రం తాబూతులు వచ్చాయి. ఏటా ఆ సంవత్సరం గుర్తించిన వారి అవశేషాలను విసొకొ పట్టణంలో సిద్ధం చేసి, వాహనంలో సరయేవొ మీదుగా పొతొచారికి తెస్తారు. సరయేవొలో దేశాధ్యక్ష భవనం ముందు వాహనం ఆగుతుంది, జనం దాని మీద పూలు పెడతారు. మేము పొతొచారిలో రోడ్డు పక్కన నిలబడ్డాము. వాహనం మెల్లగా వచ్చింది. దాని కప్పు నిండా పూలు. చుట్టూ వేలమంది ఉన్నా చప్పుడు లేదు. ఒక చిన్న పిల్లవాడు ఏదో అడగబోతే తల్లి నోటి మీద చేయి పెట్టింది.

మొత్తం ఏడు తాబూతులు. పొతొచారిలో మొదటి సామూహిక ఖననం 2003 మార్చి 31న జరిగినప్పుడు 600 మందిని పూడ్చారు. 2005లో 610 మంది, 2010లో 775 మంది. ఈసారి ఏడుగురు. సంఖ్య తగ్గింది కనుక బాధ కూడా తగ్గి ఉంటుందని అనుకొని వెళ్లినదాన్ని నేను. ఆ ఏడుగురిలో ఇద్దరు పంతొమ్మిదేళ్లవారు. ఒకరు 67 ఏళ్ల వృద్ధురాలు. ఆ పంతొమ్మిదేళ్ల కుర్రవాళ్ల కోసం ఇంటివారు 30 ఏళ్లు ఎదురుచూశారు. బతికి ఉంటే ఈపాటికి వారికి నా వయసు పిల్లలుండేవారు.

తాబూతులను కర్మాగారపు పాత షెడ్డులోకి తీసుకువెళ్లారు. ప్రాణాలు దక్కుతాయని 1995లో జనం పరుగెత్తుకొని వచ్చిన కర్మాగారం అదే. పేటికలు సన్నగా ఉన్నాయి, పైన పచ్చని గుడ్డ. మోస్తున్నవారికి బరువనిపించలేదని చూస్తేనే తెలిసింది. లోపల దేహం లేదు, కొన్ని ఎముకలే. ఎన్ని ఎముకలు దొరికితే పూడ్చాలన్నది కుటుంబం తీసుకొనే నిర్ణయం. కొందరు రెండు ఎముకలతోనైనా జనాజా చేస్తారు. కొందరు మిగిలినవి కూడా దొరకాలని ఏళ్ల తరబడి ఆగుతారు. నానా భర్తను 2005లో పూడ్చారు, పెద్ద కుమారుణ్ణి 2010లో. మరో మూడేళ్లకు అదే కుమారుడి ఇంకో ఎముక దొరికిందని కబురు వస్తే సమాధి తిరిగి తవ్వి అందులో పెట్టారు. చిన్నవాడు నేటికీ దొరకలేదు.

ఇక్కడ మా బృందంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి, సేవకు వెళ్లాలనుకొనే యువకులకు పనికివస్తుంది. షెడ్డులో ఒక తల్లి తాబూతు మీద తల ఆనించి కూర్చొని ఉంది. మాలో ఒకరు ఫోను తీసి ఫొటో తీశారు. నానా మనుమరాలు వచ్చి మెల్లగా, "ఆమెను అడిగారా?" అంది. అంతే. ఫొటో తీసిన వ్యక్తి సిగ్గుతో దాన్ని చెరిపివేశారు. ఆ వ్యక్తి ఎవరో చెప్పను. నేను కాదని కూడా చెప్పను.

జూలై 10న నా పని రోడ్డు పక్కన నీళ్లివ్వడం. ఆ రోజు శాంతియాత్ర పొతొచారి చేరుతుంది. 1995లో మగవారు ప్రాణాలతో బయటపడాలని నడిచిన అడవి దారినే, వేలాదిమంది ఏటా తిరుగు దిశలో నడుస్తారు. నెజూక్ అనే ఊరినుంచి పొతొచారి దాకా మూడు రోజులు, సుమారు 100 కిలోమీటర్లు. దారి పొడవునా సామూహిక సమాధుల గుర్తులు కనిపిస్తాయి. బాట విడిచి వెళ్లవద్దని ముందే హెచ్చరిస్తారు, ఎందుకంటే యుద్ధకాలపు మందుపాతరలు ఆ దేశపు అడవుల్లో ఇంకా ఉన్నాయి. మా బృందంలో నలుగురు నడిచి వచ్చారు. ముప్పై ఏళ్ల కిందట అదే దారిలో తండ్రితో బయలుదేరి, ఒంటరిగా బయటపడిన ఒక పెద్దమనిషి తమ పక్కన నడిచాడని చెప్పారు. ఒకచోట ఆగి చెట్లకేసి చూశాడట, ఏమీ చెప్పలేదట, మళ్లీ నడిచాడట.

నా ముందు ఆగినవారిలో ఎక్కువమంది కాళ్లు పుండ్లు పడి ఉన్నాయి. నీళ్ల సీసా అందుకొని "హ్వాలా" అనేవారు, అంటే కృతజ్ఞతలు. ఎక్కడినుంచి వచ్చావని అడిగి, భారతదేశం అని చెబితే కొందరు షారుఖ్ ఖాన్ పేరు చెప్పి నవ్వారు. శోకయాత్రలో నవ్వేమిటని నాకు ముందు బెరుకుగా ఉండేది. తరువాత అలవాటైంది. మూడు రోజులు నడిచినవారు నవ్వవచ్చు.

సాయంత్రం షెడ్డులోనుంచి తాబూతులను ఒక్కొక్కటిగా చేతుల మీదుగా నమాజు స్థలానికి చేర్చారు. ఆ రాత్రి ఇంటికి చేరి వరండాలో కూర్చొన్నాము. నానా రాగి గిన్నెలో కాఫీ కాచింది, పక్కన చక్కెర ముక్కలు పెట్టింది. ఆమె సంతోషిస్తుందనో, మేము కూడా బాధ తెలిసినవారమేనని చెప్పుకోవాలనో, నేను మా ఇంటి సంగతి ఎత్తాను. మా తాతలనాడు మా ప్రాంతంలో కూడా ముస్లిములు చాలామంది చనిపోయారని, మా కుటుంబంలో ముగ్గురు పోయారని అన్నాను. మనుమరాలు తర్జుమా చేసింది. నానా నా వైపు తిరిగి అడిగింది: "వారి పేర్లేమిటి?"

నాకు తెలియదు.

"ఎక్కడ పూడ్చారు?"

అదీ తెలియదు. మనుమరాలు రెండు జవాబులూ చెప్పింది. నానా ఏమీ అనలేదు. చక్కెర పళ్లెం నా వైపు జరిపింది. అప్పుడు ఆమె నన్ను మందలించి ఉంటే నాకు బాగుండేది.

జూలై 11 శుక్రవారం. తెల్లవారినప్పటినుంచే బస్సులు వరసకట్టాయి. సమాధుల మైదానం కొండవాలు పొడవునా తెల్లని నిషాన్‌లతో నిండి ఉంటుంది. ప్రవేశద్వారం దగ్గర ఒక రాతి మీద 8372 అనే సంఖ్య చెక్కి ఉంది. దాని పక్కన చుక్కలు పెట్టారు, ఈ సంఖ్య అంతిమం కాదని రాశారు. వృత్తాకారంగా కట్టిన రాతి పలకల మీద పేర్లన్నీ చెక్కారు. ఇంటి పేరు, తండ్రి పేరు, మనిషి పేరు, పుట్టిన సంవత్సరం. ఒకే ఇంటి పేరు పదుల సార్లు వచ్చే చోట చూపు నిలవదు.

జనాజా నమాజు మన నమాజే. వారూ హనఫీలే. అవే నాలుగు తక్బీర్లు, అదే దుఆ. భాష రాని దేశంలో 27 రోజులు గడిపిన నాకు, ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా అర్థమైన ఘడియలు అవే. మన వైపు స్త్రీలు ఖబ్రస్తాన్‌కు వెళ్లడం తక్కువ. అక్కడ ఆ మైదానాన్ని సాధించిందే స్త్రీలు. తమవారిని పొతొచారిలోనే పూడ్చాలని పట్టుబట్టి, ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి ఆ స్థలం సంపాదించింది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. ఇళ్లలో మగవారు మిగలలేదు. అందువల్ల మసూదాలు రాసినా, న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పినా, రక్తపు చుక్కలిచ్చినా వారే. ఈ సభలో వెనుక వరుసలలో కూర్చొన్న అమ్మలను ఉద్దేశించి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

తాబూతులను వేలాది చేతులు తలల మీదుగా అందించుకొంటూ సమాధుల దాకా చేర్చాయి. ఒక్కో పేరూ చదివారు. ఏడు పేర్లు చదవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క నిమిషం పట్టలేదు. మట్టి వేయడం మొదలైంది, పారలు చేతులు మారుతున్నాయి. నానా ఆ ఏడింటి దగ్గరికి రాలేదు. తన ఇద్దరి నిషాన్‌ల మధ్య చిన్న పీట వేసుకొని కూర్చొంది. కుడివైపు భర్త, ఎడమవైపు పెద్ద కుమారుడు. తన ముందు కొంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ పెరిగిన గడ్డిని చేత్తో పీకుతూ ఉంది. సాయంత్రం జనం వెళ్లాక మేము పదకొండుమందిమి సంచులు పట్టుకొని ఖాళీ సీసాలు ఏరాము. మా సేవాయాత్ర మొత్తంలో నిస్సందేహంగా ఉపయోగపడిన పని అదేనేమో.

జూలై 12 ఉదయం బయలుదేరాము. నానా నా చేతిలో తెల్లని దారంతో అల్లిన ఒక పువ్వు పెట్టింది. 11 రేకులు, నడుమ పచ్చరంగు. స్రెబ్రెనిత్సా పువ్వు అంటారు. నా కోటుకు ఉన్నది అదే.

బస్సు కొన్యెవిచ్ పొల్యే అనే ఊరి మీదుగా తుజ్లాకు వెళుతుంది. అక్కడ మనుమరాలు ఒక ఖాళీ స్థలం చూపించింది. ఫాతా ఒర్లొవిచ్ అనే స్త్రీ ఇంటి ఆవరణ అది. యుద్ధంలో భర్తను పోగొట్టుకొని, పిల్లలతో పారిపోయి, తిరిగి వచ్చేసరికి ఆమె సొంత భూమిలో ఒక చర్చి కట్టి ఉంది. ఆమె ఏళ్లూ పూళ్లూ కోర్టులకు తిరిగింది. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. 2021 జూన్‌లో చర్చిని తొలగించారు. ప్రార్థనాస్థలాల తగాదాలు మన దేశంలో ఎలా సాగుతాయో మీకు తెలుసు కనుక ఈ సంగతి చెప్పాను. ఒక ఒంటరి స్త్రీ, చేతిలో భూమి పత్రాలు, ఇరవై ఏళ్లు. కాగితాలు లేకపోతే ఆమె గోడు విని జాలిపడేవారే గాని తీర్పు చెప్పేవారు ఉండేవారు కారు.

ఒక మాట దాచకూడదు. ఆ కొండల్లో చనిపోయినది బోస్నియా ముస్లిములు మాత్రమే కాదు. క్రావిత్సా అనే సెర్బ్ గ్రామం మీద 1993 జనవరి 7న, వారి క్రిస్మస్ రోజున దాడి జరిగింది. తమ మృతులను సెర్బులు అదే జూలై నెలలో బ్రాతునాత్స్‌లో స్మరించుకొంటారు. ఆ తల్లులకూ తల్లి కడుపే. ఈ రెండు శోకాలను తక్కెడలో పెట్టి ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టివేసేవారు అక్కడ ఉన్నారు. జాతిసంహారమే జరగలేదనేవారు కూడా ఉన్నారు. వారిని అడ్డుకోవడానికే 2021 జూలైలో నిరాకరణను నేరంగా చేస్తూ ఆ దేశంలో చట్టం తేవలసి వచ్చింది. అయితే చట్టానికి ముందే ఆ స్త్రీల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, ఎముక దొరికిన చోటు.

ఇప్పుడు మన సంగతి.

మా కుటుంబం పాత మెదక్ జిల్లాలో, బీదర్ సరిహద్దు పల్లెలో ఉండేది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు రజాకార్లు పల్లెల మీద పడి చేసిన దురాగతాలు మనం మరచిపోకూడదు. వారి చేతిలో చనిపోయిన హిందూ రైతులు, వారిని ఎదిరించినందుకు హతుడైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మన చరిత్రలోని వారే. లొంగుబాటు తరువాత ఆ రజాకార్ల పాపానికి ఏ సంబంధమూ లేని ముస్లిములు అనేక పల్లెల్లో బలయ్యారు. ఆ ఏడాది చివర నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల బృందం అప్పటి రాజ్యంలోని 16 జిల్లాలలో తొమ్మిదింటిలో పర్యటించింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయని, 27 వేలనుంచి 40 వేలమంది దాకా ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. ముస్లిములను కాపాడిన హిందువుల గురించి కూడా రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తరువాత ఏ.జి. నూరానీ తన గ్రంథంలో దాన్ని అచ్చువేశారు.

27 వేలకు, 40 వేలకు నడుమ తేడా 13 వేలు. స్రెబ్రెనిత్సాలో చనిపోయిన వారందరికంటె పెద్ద సంఖ్య మన అంచనాలోని తేడాలోనే ఉంది. ఈ రెండు సంఘటనలు ఒకటేనని నేను అనను. ఏది జాతిసంహారమో చెప్పవలసింది న్యాయస్థానాలు. నేను అడుగుతున్నది పేర్ల గురించి మాత్రమే.

జర్మనీ తిరిగి వెళ్లిన రాత్రే మా దాదీకి ఫోను చేశాను. ఆమెకు 84 ఏళ్లు, అప్పటికి ఏడేళ్ల పిల్ల. తండ్రి, ఆయన అన్న, తమ్ముడు ముగ్గురూ ఒకే రోజు బయటికి వెళ్లి తిరిగి రాలేదు. పిల్లలను, స్త్రీలను కుమ్మరి ఇంటివారు తమ గాదె వెనుక నాలుగు రోజులు దాచారు. తండ్రి పేరు దాదీ వెంటనే చెప్పింది. పెద్దనాన్న పేరు కొంచెం ఆలోచించి చెప్పింది. దాచిపెట్టిన కుమ్మరి అవ్వ పేరు, ఆమె కోడలి పేరు, వారి ఆవు పేరు కూడా చెప్పింది. చిన్నాన్న పేరు రాలేదు. "మేమంతా ఛోటే చిచ్చా అనేవాళ్లం బేటా, పేరెట్టి పిలిస్తే గదా" అంది. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు తనే ఫోను చేయించి, ఎంత తలచుకొన్నా గుర్తు రావడం లేదని ఏడ్చింది. 77 ఏళ్లలో ఎవరూ ఆమెను ఆ పేరు అడగలేదు. నేనూ అడగలేదు.

పాత గాయాలు ఇప్పుడెందుకు రేపడమని నిన్న ఒక పెద్దాయన నన్ను అన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. ఈ రోజుల్లో ఏ మాటను ఎవరు ఎలా తిప్పుతారో తెలియదు. సెప్టెంబరు 17 వచ్చిందంటే జెండాల పంచాయితీ తప్ప ఇంకేమీ వినబడదు. దానిలో దిగమని నేను చెప్పడం లేదు. ఎవరినీ శిక్షించమని కూడా అడగడం లేదు, శిక్షింపదగినవారు బతికి లేరు. చనిపోయినవారి మగ్ఫిరత్ కోసం దుఆ చేసేటప్పుడు పేరు తెలిసి చేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదని మాత్రమే మనవి చేస్తున్నాను.

అప్పుడు పదేళ్లున్నవారికి ఇప్పుడు 87 ఏళ్లు. ఎంతమంది మిగిలారో మీ మీ ఊళ్లలో మీకే తెలుసు. డీఎన్‌ఏ కేంద్రం మనకు రాదు. బావులు పూడిపోయాయి, వాటి మీద ఇళ్లు లేచాయి. మిగిలింది ఈ వృద్ధుల జ్ఞాపకమే, అదీ కొన్నేళ్లే.

ద్వారం పక్కన బల్ల మీద ఒక గీతల పుస్తకం పెట్టాము. ఏడు గళ్లు గీశాము. చనిపోయినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, సుమారు వయసు, చేసే పని, ఎవరు చెప్పారు, ఏ తేదీన రాసుకొన్నాము. విన్నది విన్నట్టు రాయండి, తెలియనిది ఊహించి నింపవద్దు. రజాకార్ల చేతిలో చనిపోయినవారి పేర్లు తెలిస్తే అవీ అందులోనే రాయండి. ఆశ్రయమిచ్చి కాపాడినవారి పేర్లకు చివరి పేజీలు కేటాయించాము; మొదటి పేరు కుమ్మరి అవ్వది. రాయడం రానివారి దగ్గర మన కాలేజీ పిల్లలు కూర్చొని రాస్తారు. వినేటప్పుడు అనుమతి లేకుండా ఫోనులో రికార్డు చేయవద్దని వారికి చెప్పాను. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో మీకు ఇందాకే చెప్పాను.

మొదటి పేజీలో మా ఇంటివి మూడు వరుసలు ఉన్నాయి. మూడో వరుసలో పేరు గడి ఖాళీగా ఉంది. పక్కన పెన్సిలుతో 'ఛోటే చిచ్చా' అని రాశాను. ఆ పల్లెకు చెందినవారు ఈ సభలో ఎవరైనా ఉంటే, మీ ఇంటి పెద్దలను ఒకసారి అడిగి చెప్పండి. మా దాదీ ఇంటి దగ్గర కాచుకొని ఉంది.